ఏడాది పొడవునా అజిత్రోమైసిన్: ఎవరికి, ఎందుకు, ఏ షరతుల మీద

అజిత్రోమైసిన్ పేరు వినని ఇల్లు తెలుగునాట దాదాపు ఉండదు. గొంతు నొప్పి అన్నా, జలుబు అన్నా, రెండు రోజుల జ్వరం అన్నా మెడికల్ షాపులో స్ట్రిప్ తెంపి చేతిలో పెట్టేది చాలాసార్లు అదే. రోజుకొకటి, మూడు రోజులు, అంతటితో సరి. అదే మాత్రను ఛాతీ డాక్టరు వారానికి మూడు రోజుల చొప్పున ఏడాది పాటు వేసుకోమని రాస్తే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. యాంటిబయాటిక్ అన్నాళ్ళు వాడితే ఒళ్ళు గుల్ల కాదా? రేపు నిజంగా అవసరం పడితే మందు పనిచేస్తుందా?

అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఆ మాత్ర మూడు రోజుల కోర్సులో చేసే పని వేరు, ఏడాది కోర్సులో చేసే పని వేరు. మొదటి దాంట్లో అది సూక్ష్మజీవిని చంపడానికి వెళ్తుంది. రెండో దాంట్లో దాన్ని ముఖ్యంగా వాడేది ఏళ్ళ తరబడి రగులుతున్న శ్వాసనాళాన్ని చల్లార్చడానికి. ఈ తేడా అర్థమైతే ఈ వైద్యం ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో, మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు తప్పనిసరో వాటంతట అవే తెలిసివస్తాయి.

ముందు జబ్బు సంగతి. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్ళే గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ, చివరికి వెళ్ళేకొద్దీ సన్నబడాలి. కొందరిలో ఆ గొట్టాల గోడలు దెబ్బతిని, సాగిపోయి, సంచుల్లా వెడల్పవుతాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. స్టెతస్కోప్ కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే దీన్ని వర్ణించాడు. ఆరోగ్యంగా ఉన్న గొట్టంలో సన్నటి వెంట్రుకల్లాంటి పోగులు కళ్ళెను నిరంతరం పైకి నెడుతూ ఉంటాయి. సాగిపోయిన గొట్టంలో ఆ పని జరగదు. కళ్ళె అడుగున నిలిచిపోతుంది. పొద్దున లేవగానే అరగంట దగ్గు, చిక్కటి పచ్చటి కళ్ళె, అప్పుడప్పుడూ అందులో నెత్తుటి జీర, ఏడాదికి మూడు నాలుగు సార్లు జ్వరంతో మంచం పట్టడం. చాలామంది దీన్ని ‘పాత దగ్గు’ అనో, ‘డస్ట్ ఎలర్జీ’ అనో ఏళ్ళు గడిపేస్తారు. సీటీ స్కాన్ తీస్తే తప్ప జబ్బు అసలు పేరు బయటపడదు.

నిలిచిన నీళ్ళలో నాచు పట్టినట్టు, నిలిచిన కళ్ళెలో బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. దాన్ని తుదముట్టించడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దండులా వస్తాయి. అవి విడుదల చేసే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ బ్యాక్టీరియాతో ఆగదు, గొట్టం గోడను కూడా కొరికేస్తుంది. గోడ మరింత సాగుతుంది, కళ్ళె మరింత నిలుస్తుంది, బ్యాక్టీరియా మరింత పెరుగుతుంది, మరిన్ని న్యూట్రోఫిల్స్ వస్తాయి. బ్రిటన్‌కు చెందిన పీటర్ కోల్ 1980లలో ఈ విషవలయాన్ని సూత్రీకరించాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటారు కదా, శరీరం ఇక్కడ చేసేది సరిగ్గా అదే. ఎలుకలున్న మాట నిజం. కానీ ఇల్లు కూలుతున్నది ఎక్కువగా మంటల వల్ల.

ఏళ్ళ తరబడి యాంటిబయాటిక్ ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1957లోనే ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. తీవ్రమైన బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్ళకు ఆక్సీటెట్రాసైక్లిన్‌ను వారానికి రెండు రోజులు, ఏడాది పాటు ఇచ్చి చూశారు. కళ్ళె తగ్గింది, పనికి వెళ్ళలేని రోజులు తగ్గాయి. అయితే ఆనాటి ఆలోచనంతా బ్యాక్టీరియాను అదుపులో పెట్టడం గురించే. గోడల్ని కాల్చే మంట సంగతి అప్పటికి లెక్కలోకి రాలేదు. అది జపాన్‌లో, దాదాపు అనుకోకుండా, బయటపడింది.

జపాన్‌లో ఒక పాత మందు చేసిన పని

జపాన్‌లో డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ అనే జబ్బు ఉంది. 1969లో హొమ్మా, యమనాకా అనే వైద్యులు దానికి ఆ పేరు పెట్టారు. ఊపిరితిత్తుల్లోని అతి సన్నటి గొట్టాలన్నీ ఒకేసారి వాచిపోయి, కళ్ళెతో పూడుకుపోతాయి. చాలామందిలో సైనసైటిస్ కూడా తోడుంటుంది. తూర్పు ఆసియా ప్రజల్లోనే ఎక్కువగా కనిపించే ఈ జబ్బుకు ఒక జన్యు లక్షణంతో సంబంధం ఉందని తర్వాత తేలింది. కాలం గడిచేకొద్దీ రోగి కళ్ళెలో సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా తిష్ట వేసేది. అక్కడి నుంచి దిగజారుడే. 1970లలో జబ్బు బయటపడిన ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు వందలో 63 మంది మాత్రమే. ఎంత బలమైన యాంటిబయాటిక్స్ ఇచ్చినా కొన్నాళ్ళు తగ్గడం, మళ్ళీ తిరగబెట్టడం.

షోజి కుదో అనే వైద్యుడి దృష్టికి ఒక రోగి వచ్చాడు. అతనికి ఇదే జబ్బు. కానీ అందరిలా దిగజారలేదు, కోలుకున్నాడు. పాత మందుల చీటీలు చూస్తే, ఊళ్ళో డాక్టరు ఒకాయన అతనికి రెండేళ్ళుగా ఎరిత్రోమైసిన్‌ను తక్కువ మోతాదులో ఇస్తూ వచ్చినట్టు తెలిసింది. ఎరిత్రోమైసిన్ అప్పటికే పాతబడిన మందు. ఫిలిప్పీన్స్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసి, 1952లో మార్కెట్లోకి తెచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, సూడోమోనాస్‌ను అది చంపలేదు. పుస్తకం ప్రకారం చూస్తే ఆ చీటీ అర్థం లేనిది. పెద్దాసుపత్రి డాక్టరు దాన్ని పక్కన పడేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కుదో పడేయలేదు. మిగతా రోగులకూ అదే పద్ధతిలో, రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు, నెలల తరబడి ఇచ్చి చూశాడు. ఆ ఫలితాలు 1987లో ప్రచురితమయ్యాయి. ఆయాసం తగ్గింది, కళ్ళె తగ్గింది, ఎక్స్‌రేలు తేటపడ్డాయి. ఈ వైద్యం దేశమంతా పాకాక, 1985 తర్వాత జబ్బు బయటపడినవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు వందలో 91 మంది. 498 మంది రికార్డులను పరిశీలించి కుదో బృందం 1998లో ఈ లెక్క ప్రచురించింది. ప్రాణాలు తీసే ఒక జబ్బు, చవకైన పాత మాత్రతో, పదిహేనేళ్ళలో నెమ్మదించింది. ఊపిరితిత్తుల వైద్య చరిత్రలో ఇంత నిశ్శబ్దంగా వచ్చిన ఇంత పెద్ద మార్పు అరుదు.

అసలు చిక్కుముడి తర్వాతే మొదలైంది. కోలుకున్న రోగుల కళ్ళె పరీక్షిస్తే చాలామందిలో సూడోమోనాస్ అలాగే ఉంది! రక్తంలో మందు శాతం ఆ బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన స్థాయికి ఏ మాత్రం చేరలేదు. అంటే మందు పనిచేసింది కానీ చంపి కాదు. ఇంకో ఆధారం కూడా దొరికింది. ఎరిత్రోమైసిన్ మాక్రోలైడ్ అనే కుటుంబానికి చెందిన మందు. ఈ కుటుంబంలో అణువు వలయం 14 లేదా 15 పరమాణువులున్న మందులు ఈ జబ్బుకు పనిచేశాయి. 16 పరమాణువుల వలయం ఉన్నవి, బ్యాక్టీరియాను చంపేవే అయినా, పనిచేయలేదు. చంపే గుణం ఒకటి, చల్లార్చే గుణం మరొకటి అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అక్కర్లేదు.

ఆ చల్లార్చే గుణం మీద తర్వాత ప్రయోగశాలల్లో చాలా పని జరిగింది. న్యూట్రోఫిల్స్‌ను రమ్మని పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేతం ఈ మందు వల్ల తగ్గుతుంది. దండు పలచబడితే ఎలాస్టేజ్ తగ్గుతుంది, గోడలకు తెరిపి దొరుకుతుంది. కళ్ళెను ఊరించే కణాల పని నెమ్మదిస్తుంది. బ్యాక్టీరియా మీద కూడా ఒక విచిత్రమైన ప్రభావం ఉంది. సూడోమోనాస్ కణాలు రసాయన సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. గుంపు తగినంత పెరిగిందని తెలిశాకే విషాలు వదలడం, చుట్టూ జిగురు పొర కట్టుకోవడం మొదలుపెడతాయి. మాక్రోలైడ్ ఆ మాటల్ని చెడగొడుతుంది. బ్యాక్టీరియా బతికే ఉంటుంది, కానీ దాని ఆగడాలు తగ్గుతాయి.

ఇక అజిత్రోమైసిన్ ఎక్కడి నుంచి వచ్చింది? 1980లో, అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ నగరంలో, ప్లివా కంపెనీ పరిశోధకులు ఎరిత్రోమైసిన్ అణువును మార్చి దీన్ని తయారుచేశారు. వలయంలో 15 పరమాణువులు. ఎరిత్రోమైసిన్ కన్నా కడుపులో వికారం తక్కువ. ఒంట్లో సగం మందు ఖర్చు కావడానికి దాదాపు 68 గంటలు పడుతుంది. పైగా అది తెల్ల రక్తకణాల్లోనే పేరుకుని, అవి ఎక్కడికి వెళ్తే అక్కడికి వాటితో పాటు వెళ్తుంది. రోజూ కాకుండా వారానికి మూడు రోజులు వేసుకున్నా సరిపోవడానికి కారణం ఇదే. సోమ, బుధ, శుక్రవారాలు అని డాక్టర్లు రాసేది అందుకే.

అంకెలు ఏం చెబుతున్నాయి

బ్రాంకియెక్టాసిస్‌లో మూడు పరీక్షలు దారి చూపించాయి. న్యూజిలాండ్‌లో 141 మంది మీద అజిత్రోమైసిన్‌తో ఆరు నెలలు, నెదర్లాండ్స్‌లో 83 మంది మీద అదే మందుతో ఏడాది, ఆస్ట్రేలియాలో 117 మంది మీద ఎరిత్రోమైసిన్‌తో ఏడాది. ఫలితాలు 2012, 2013లో వచ్చాయి. న్యూజిలాండ్ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర (చూడటానికి అసలు మాత్రలాగే ఉండి మందు లేనిది) వేసుకున్నవాళ్ళకు ఆ ఆరు నెలల్లో సగటున 1.57 సార్లు జబ్బు తిరగబెట్టింది. అసలు మందు వేసుకున్నవాళ్ళకు 0.59 సార్లు. ఈ మూడు పరీక్షల్లోని మొత్తం 341 మంది వివరాలను కలిపి 2019లో మళ్ళీ లెక్కిస్తే, తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది.

ఈ లెక్కను సరిగ్గా చదవాలి. ఊదుడు పరీక్షలో ఊపిరితిత్తుల బలం పెద్దగా పెరగలేదు. సాగిన గొట్టం మళ్ళీ సన్నబడదు. జబ్బు ‘నయం’ కాలేదు. తగ్గినది తిరగబెట్టడం. అది చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ ఈ జబ్బున్న మనిషికి ఒక్కో తిరగబెట్టడం అంటే రెండు వారాల జ్వరం, ఇంజెక్షన్లు, ఒక్కోసారి ఆసుపత్రి మంచం, పోయిన కూలి, ఆ తర్వాత ముందున్నంత శక్తి తిరిగి రాకపోవడం. ఏడాదికి నాలుగు రెండైతే అది బతుకులో తెలిసే తేడా.

పొగ వల్ల ఊపిరితిత్తులు పాడై, గాలి గొట్టాలు ఇరుకయ్యే సీఓపీడీ అనే జబ్బులో మేలు ఇంత గట్టిగా లేదు. అమెరికాలో 1,142 మంది మీద జరిగి 2011లో వెలువడిన పరీక్షలో, రోజూ 250 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్ ఏడాది పాటు ఇస్తే, తిరగబెట్టడం ఏడాదికి 1.83 నుంచి 1.48కి తగ్గింది. ఆ అంకెల్ని మళ్ళీ తరచి చూస్తే ఇంకా పొగ తాగుతున్నవాళ్ళకు మేలు దాదాపు కనిపించలేదు, మానేసినవాళ్ళకే ఉపయోగం. బీడీ మానకుండా మాత్ర అడిగితే ప్రయోజనం లేదన్నమాట. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ పరీక్షలో చేర్చుకున్నది ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగిన చరిత్ర ఉన్నవాళ్ళను. కట్టెల పొయ్యి దగ్గర ముప్ఫై ఏళ్ళు వంట చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మన పల్లెటూరి ఆడవాళ్ళు అలాంటి పరీక్షల్లో లేరు. ఆ ఫలితాన్ని వాళ్ళకు వర్తింపజేయడం ఊహే తప్ప రుజువు కాదు.

ఉబ్బసంలో, ఇన్‌హేలర్లు సరిగ్గా వాడుతున్నా అదుపులోకి రానివాళ్ళకు ఇది కొంత ఉపయోగపడుతుందని ఆస్ట్రేలియాలో 420 మంది మీద జరిగిన పరీక్ష 2017లో చూపించింది. తిరగబెట్టడం ఏడాదికి 1.86 నుంచి 1.07కి తగ్గింది. ఇక్కడ అసలు కిటుకు ‘సరిగ్గా వాడుతున్నా’ అన్న మాటలో ఉంది. ఇన్‌హేలర్‌కు అలవాటు పడిపోతామన్న భయంతో అది మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా యాంటిబయాటిక్ మింగడం దీనికి పూర్తిగా తలకిందులు.

ఈ మేలుకు ఖరీదు ఉంది

నెదర్లాండ్స్ పరీక్షలో ఏడాది అజిత్రోమైసిన్ వాడినవాళ్ళ శ్వాసనాళాల నుంచి తీసిన బ్యాక్టీరియాలో 88 శాతం మాక్రోలైడ్లకు లొంగనివిగా మారాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అది 26 శాతం. ఆస్ట్రేలియా పరీక్షలో గొంతులో మామూలుగా ఉండే స్ట్రెప్టోకోకస్ జాతిలో మొండివాటి వాటా మందు వేసుకున్నవాళ్ళలో 27.7 శాతం మేర పెరిగింది, వేసుకోనివాళ్ళలో దాదాపు పెరగలేదు. ఆ మొండి బ్యాక్టీరియా ఆ రోగి దగ్గరే ఉండిపోదు. దగ్గుతో, ముట్టుకోవడంతో ఇంట్లో పిల్లలకూ చేరుతుంది.

చెవుల మీద కూడా ప్రభావం ఉంది. అమెరికా సీఓపీడీ పరీక్షలో వినికిడి కొంత తగ్గినవాళ్ళు మందు వైపు 25 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 20 శాతం. ఉబ్బసం పరీక్షలో విరేచనాలు 34 శాతం మందికి అయ్యాయి, మందు లేనివాళ్ళలో 19 శాతం మందికి. గుండె లయ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈసీజీలో క్యూటీ అనే విరామం (గుండె ఒక్కోసారి విద్యుత్తుతో ఉత్తేజితమై మళ్ళీ సర్దుకోవడానికి పట్టే సమయం) కొందరిలో పుట్టుకతోనో, ఇతర మందుల వల్లో ఎక్కువగా ఉంటుంది. అజిత్రోమైసిన్ దాన్ని ఇంకా పొడిగిస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో దీని మీద హెచ్చరిక జారీ చేసింది. వాంతులకు వేసే ఆన్‌డాన్‌సెట్రాన్, గ్యాస్‌కు అలవాటుగా మింగే డోమ్‌పెరిడోన్, దగ్గుకు ఇచ్చే లెవోఫ్లాక్ససిన్, వీటిలో ప్రతిదీ అదే విరామాన్ని పొడిగించగలదు. నలుగురు డాక్టర్లు రాసిన నాలుగు చీటీల మందులు ఒకే మనిషి కడుపులో కలుస్తాయి. ఈ వైద్యం మొదలుపెట్టే రోజున ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళడం ఈసీజీ తీయించుకోవడం అంత ముఖ్యం. ఇదే కుటుంబంలోని ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అయితే ఆయాసం మాత్రల్లోని థియోఫిలిన్‌ను రక్తంలో పెంచేస్తాయి. గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు. అజిత్రోమైసిన్‌తో ఈ బెడద చాలా తక్కువ.

‘వాపు తగ్గించే మందు కదా, ఎవరికైనా మంచిదే’ అనుకోవడానికి వీల్లేదని చెప్పే చేదు అనుభవం ఒకటుంది. రక్త క్యాన్సర్లకు మూలకణ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల గొట్టాలు పూడుకుపోకుండా ముందుగానే అజిత్రోమైసిన్ ఇచ్చి చూసిన పరీక్ష ఫ్రాన్స్‌లో జరిగింది. మందు వేసుకున్నవాళ్ళలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువైంది. పరీక్ష మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. 2018లో దీని మీదా హెచ్చరిక వెలువడింది. శరీరంలో రగిలే ప్రతి మంటా అనవసరమైనది కాదు.

మన దగ్గర టీబీ నీడ

పై పరీక్షలన్నీ టీబీ తక్కువగా ఉన్న దేశాల్లో జరిగాయి. ఈ వైద్యం భారతదేశానికి వచ్చేసరికి లెక్క మారేది ఇక్కడే. దేశంలోని 31 ఆసుపత్రుల్లో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు సేకరించిన ఒక పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది. అందులో జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం గతంలో వచ్చిన టీబీ. 35.5 శాతం మందికి అదే మూలం. టీబీ క్రిమి చచ్చిపోతుంది, కోర్సు పూర్తవుతుంది, కార్డు మీద ‘నయమైంది’ అని రాస్తారు. కానీ అది కొరికి వెళ్ళిన గొట్టాలు అలాగే ఉంటాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910లలో టీబీ శానటోరియం పెట్టిన నాటికి టీబీకి మందే లేదు. ఇప్పుడు మందుంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. అయితే మందు అయిపోయాక మిగిలిన దగ్గు గురించి పట్టించుకునే ఏర్పాటు మాత్రం ఇంకా సరిగ్గా లేదు. చాలామంది ‘టీబీ మళ్ళీ వచ్చిందేమో’ అన్న భయంతో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరుగుతూ ఉంటారు.

అలాంటి మనిషికి నేరుగా అజిత్రోమైసిన్ మొదలుపెడితే ఏం జరగవచ్చు? ఆ దగ్గు పాత గాయం వల్ల కావచ్చు. టీబీ నిజంగానే తిరగబెట్టి ఉండవచ్చు. లేదా టీబీ క్రిమికి దాయాదులైన నాన్ ట్యూబర్‌క్యులస్ మైకోబ్యాక్టీరియా, పొట్టిగా ఎన్‌టీఎం, చేరి ఉండవచ్చు. సాగిపోయిన గొట్టాలంటే వీటికి ఇష్టం. మామూలు సూక్ష్మదర్శిని పరీక్షలో టీబీ, ఎన్‌టీఎం ఒకేలా కనిపిస్తాయి. ఎన్‌టీఎంలో ముఖ్యమైన రకానికి ఉన్న వైద్యానికి వెన్నెముక అజిత్రోమైసినే. కానీ దాన్ని మరో రెండు మందులతో కలిపి ఇవ్వాలి. ఒంటరిగా ఇస్తే క్రిమి ఆ మందుకు మొండిదైపోతుంది, ఆ తర్వాత వైద్యం అతి కష్టం. బ్రాంకియెక్టాసిస్‌ను చల్లార్చడానికి ఇచ్చిన మాత్రే ఇంకో జబ్బుకు ఉన్న మంచి ఆయుధాన్ని విరగ్గొట్టినట్టు అవుతుంది. అందుకే మొదటి మాత్రకు ముందు కళ్ళె డబ్బా. కళ్ళెలో టీబీ క్రిమి జన్యువును వెతికే జీన్ పరీక్షతో టీబీ లేదని తేల్చుకోవాలి, క్రిమిని పెంచి చూసే కల్చర్‌తో ఎన్‌టీఎం లేదని తేల్చుకోవాలి. కల్చర్ ఫలితానికి ఆరు వారాల దాకా పట్టవచ్చు. ఏళ్ళుగా ఉన్న జబ్బుకు ఆరు వారాలు ఆగడం నష్టం కాదు.

రెండో లెక్క ఊరందరిది. 2019 అమ్మకాల ఆధారంగా జరిగిన విశ్లేషణలో, దేశంలో ప్రైవేటు రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా ఖర్చయిన యాంటిబయాటిక్ అజిత్రోమైసిన్ 500 మాత్రేనని తేలింది. మొత్తం వాడకంలో 7.6 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును ‘వాచ్’ జాబితాలో, అంటే వాడకాన్ని జాగ్రత్తగా గమనిస్తూ ఉండాల్సిన మందుల్లో పెట్టింది. టైఫాయిడ్‌ను చూస్తే దాని విలువ తెలుస్తుంది. 2016 నుంచి పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, అక్కడి హైదరాబాద్ నగరంలో మొదలై, దాదాపు మందులన్నిటికీ లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. నోటితో వేసుకునే మందుల్లో దానికి మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. దానికీ లొంగని టైఫాయిడ్ క్రిములు బంగ్లాదేశ్‌లో ఇప్పటికే కనిపించాయి.

దీన్నిబట్టి పాత దగ్గు రోగికి ఈ మందు ఇవ్వకూడదని తేల్చడం అన్యాయం. కోట్ల మాత్రలు వైరస్ జలుబులకు, అవి ఏ మాత్రం పనిచేయని చోట, ఖర్చవుతున్నాయి. పరీక్షలు చేసి, రుజువున్న ప్రయోజనం కోసం, లెక్కగా వాడే కొద్దిమంది మీద ఆ నింద వేయకూడదు. మందును కాపాడుకోవాల్సింది మూడు రోజుల అలవాటు నుంచి.

ఇంతకీ ఎవరికి ఇవ్వాలి? ఐరోపా శ్వాసకోశ వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో పెట్టిన గీత, ఏడాదిలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు తిరగబెట్టినవాళ్ళు. అది కూడా మిగతా పనులన్నీ చేశాక. మిగతా పనుల్లో మొదటిది కళ్ళెను రోజూ బయటకు తీయడం. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని, పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు, శ్వాసను క్రమంగా పెంచుతూ ‘హఫ్’ మని ఊదే పద్ధతి. కొందరికి ఉప్పునీటి నెబ్యులైజర్. ఇది విసుగు పుట్టించే పని, మాత్ర మింగడమంత తేలిక కాదు. కానీ నిలిచిన కళ్ళె తీయకుండా మందు మింగడం, తూము పూడిక తీయకుండా చెరువులో మందు చల్లడం లాంటిది. ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ఫంగస్ ఎలర్జీ ఉందేమో చూడటం, రక్తంలో రోగనిరోధక ప్రోటీన్లు తక్కువేమో చూడటం కూడా ఇందులో భాగమే. కళ్ళెలో సూడోమోనాస్ పాతుకుపోయినవాళ్ళకు పీల్చే యాంటిబయాటిక్స్ మరో దారి.

మొదలుపెట్టాక గడువు ముఖ్యం. ఈసీజీ, లివర్ పరీక్ష మొదట్లో ఒకసారి, నెల తర్వాత మరోసారి. చెవుల్లో హోరు, తూలుడు వస్తే వెంటనే చెప్పాలి. ఆరు నెలలకు, ఏడాదికి కూర్చుని లెక్క చూడాలి: ముందు ఏడాది ఎన్నిసార్లు మంచాన పడ్డారు, ఈ ఏడాది ఎన్నిసార్లు? ఈ లెక్క ఉండాలంటే ఎవరో ఒకరు రాసిపెట్టాలి. గోడ మీది క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కనే, జ్వరం వచ్చిన రోజులూ కళ్ళె రంగు మారిన రోజులూ గీసిపెడితే చాలు. తేడా లేకపోతే ఆపేయాలి. తేడా ఉంటే కొనసాగించవచ్చు, కొంత విరామం ఇచ్చి చూడవచ్చు. ఆపితే జబ్బు పాత స్థాయికి రావచ్చు కానీ ఒక్కసారిగా ప్రమాదమేమీ లేదు. స్టెరాయిడ్ మాత్రల్లాగా మెల్లగా తగ్గించాల్సిన పని లేదు.

కుదో చూసిన ఆ చీటీ కథ ఈ మధ్య కొత్త మలుపు తిరిగింది. మేలు చల్లార్చడంలోనే ఉన్నప్పుడు, చంపే గుణం లేని మందు ఒకటి ఉంటే మొండి బ్యాక్టీరియా సమస్యే ఉండదు కదా? న్యూట్రోఫిల్స్‌లో ఎలాస్టేజ్ లాంటి ఎంజైమ్‌లు పదునెక్కకుండా ముందే అడ్డుకునే బ్రెన్సోకాటిబ్ అనే మాత్రను 1,700 మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. తిరగబెట్టడం తగ్గింది. 2025 ఆగస్టులో అమెరికా దాన్ని ఆమోదించింది. ప్రత్యేకంగా బ్రాంకియెక్టాసిస్‌కే అక్కడ అనుమతి పొందిన మొదటి మందు ఇదే, ఇది యాంటిబయాటిక్ కాదు. అయితే ధర చూస్తే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడే మనిషికి అది దగ్గరలో అందేది కాదు. ఆ వరుసలో ఉన్న టీబీ పాత రోగుల్లో, కాలిపోయిన గొట్టాల మీద అజిత్రోమైసిన్ ఎంత పనిచేస్తుందో, ఎన్‌టీఎం ముప్పు ఎంత పెరుగుతుందో తేల్చే పెద్ద పరీక్ష ఇక్కడే, ఇక్కడి రోగుల మీద జరగాలి. న్యూజిలాండ్ పరీక్షకు 141 మంది సరిపోయారు. ఇక్కడ అంతమందిని ఒక్క జిల్లాలోనే సమకూర్చవచ్చు.